‘మిథునం’ ఆగిన చోటు

వార్ధక్యమును గూర్చి తెలుగున కథలు లేకపోలేదు. కాని అందలి ముసలివారు చాలవరకు పరిహాసపాత్రములుగనో, దయనీయులుగనో నిలిచిరి. శ్రీరమణ వ్రాసిన ‘మిథునం’ కథ ఈ రెండు త్రోవలను విడిచినది. 2012లో తనికెళ్ళ భరణి దానిని చలనచిత్రముగ తీసిరి. తెరమీద కనబడు పాత్రలు రెండే: అప్పదాసుగ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము, బుచ్చిలక్ష్మిగ లక్ష్మి నటించిరి. అందరును మెచ్చినదానిని మరల మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. అది మన పెద్దల స్థితికి ఎంతవరకు అద్దము పట్టుచున్నదో విచారింపదలచితిమి.

పిల్లలు విదేశములలో స్థిరపడగా ఆ దంపతులు పల్లెలోని తమ ఇంట మిగిలిపోయిరి. అయినను వారు తమపై తాము జాలిపడరు. పెరటి తోట, వంట, రుచులు, అలుకలు, చిన్న తగవులు, వీనితోనే వారి దినము నిండును. 1961లో కమింగ్, హెన్రీ అను ఇరువురు అమెరికా పండితులు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. వయసు మీరినకొలది మనిషి సంఘమునుండియు, సంఘము మనిషినుండియు తొలగుట సహజమనియు, అది ఉభయులకును మేలనియు వారి మతము. దానిని కాదని, పనిని, స్నేహములను నిలుపుకొన్నవారే సుఖముగ నుందురని వాదించినవారును కలరు. అప్పదాసు ఈ రెండవ పక్షమువారి వాదమునకు ప్రాణము పోసినట్టి పాత్ర. పిల్లలకు దూరమైనను ఆయన బ్రతుకునుండి తొలగలేదు. ఈ కథనే ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లో ‘ఒరు చెరు పుంచిరి’ అను పేర మలయాళమున చిత్రించిరి. ఇది ఒక్క తెలుగింటి సంగతి కాదనుటకు ఆ చిత్రమే సాక్ష్యము.

అయితే ఆ సుఖమునకు ఆధారములేవి? సొంత ఇల్లు, కాలూన నేల, తోడుగ నిలిచిన జంట, చుట్టును తమ మాట మాటలాడు ఊరు. ఈ నాలుగింటిని రచయిత ముందే సమకూర్చిపెట్టెను. ఒక్కటి తొలగినను కథ మారిపోవును.

బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో ఉద్యోగములకై వచ్చి స్థిరపడిన మన కుటుంబములను చూడుడు. ఊరిలోని ఇంటిని అమ్మియో, తాళము వేసియో వచ్చిన తల్లిదండ్రులు పై అంతస్తులో నుందురు. కొడుకును కోడలును పనికి పోవుదురు. బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్చిన మనుమలు అవ్వ తెలుగును అర్థము చేసికొందురు గాని, బదులు వేరొక భాషలో చెప్పుదురు. అన్నమునకు, మందులకు లోటులేదు. మాట వినువారు లేరు. అప్పదాసునకు పెరడున్నది, వీరికి బాల్కనీలో తులసికుండీ యొకటి. పిల్లలు దూరమైన వృద్ధులను చిత్రము చక్కగ చూపినది. పిల్లల ఇంటనే యుండి ఒంటరులైన వృద్ధులు దానికి గోచరింపలేదు.

చిత్రాంతమున అప్పదాసు ముందుగ కన్నుమూయును. తాను పోయిన పిదప ఆయనకు దిక్కెవరని తలచి, తానే వెనుక మిగులవలెనని బుచ్చిలక్ష్మి కోరుకొన్నది. పసుపుకుంకుమలతో పోవలెనని నోములు నోచు సంప్రదాయమున ఇట్టి కోరికను ఒక ఇల్లాలికి కల్పించుట సాహసమే. కాని కథ అచ్చటనే ముగిసినది. మరునాటి ఉదయము బుచ్చిలక్ష్మి ఏమి చేయును? 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున అరువదేండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలు. స్త్రీలు సాధారణముగ భర్తకంటె వయసున చిన్నవారు, ఆయువున అధికులు. కావున తోడు కోల్పోయిన వృద్ధులలో స్త్రీలే చాల ఎక్కువ. బుచ్చిలక్ష్మి తరువాతి మజిలీ బహుశః కొడుకు ఇల్లే, అనగా ఏదో ఒక బొమ్మసంద్రయే.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. చూచుకొందురను షరతుమీద ఆస్తి వ్రాసియిచ్చిన పిదప పిల్లలు మాట తప్పినచో, ఆ దస్తావేజును రద్దు చేయించుకొను వీలును అందలి 23వ సెక్షను కల్పించినది. చట్టము భరణము ఇప్పింపగలదు గాని, పలుకరింపును ఇప్పింపజాలదు. ఆ బాధ్యత మన సంఘముది. 2025 ఆగస్టునుండి బొమ్మసంద్రకు మెట్రో నడుచుచున్నది. పగటివేళ ఒక పఠనగోష్ఠి నేర్పరచినచో నగరములోని తెలుగు పెద్దలును రాగలరు. ఉగాదినాడు శాలువ కప్పి వేదికమీద కూర్చుండబెట్టుటతో తృప్తిపడక, వారిచేత మన పిల్లలకు వారమువారము తెలుగు చెప్పింతము. చేతికి పని యుండుటయే వృద్ధులకు గౌరవమని అప్పదాసు పాత్ర చెప్పకయే చెప్పినది.

‘మిథునం’ మంచి కృతి. అది చూపినదంతయు సత్యమే, చూపినది సగము. కొడుకు ఇంటికి ఒంటరిగ చేరిన బుచ్చిలక్ష్మి కథను మన కుటుంబములలోనివారే వ్రాసినచో, ఆ మిగిలిన సగము మన కథ యగును.