కీ ఇచ్చే వేళ

తెనాలి కాలవ మీంచి చల్లగాలి వస్తోంది. వీధిలో పాల సైకిలు గంట మోగింది. కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది. ఈలోగా నీకు కీ ఇస్తాను. రెండు వేళ్ల మధ్య నీ బుల్లి కీ గరగరమంటూ తిరుగుతుంది. ముప్ఫై చుట్లు దాటాక వేలికి ఒక బిగువు తగులుతుంది. ఇక చాలంటావు. చెవికి ఆనించుకుంటాను. నాన్న కూడా ఇలాగే ఆనించుకునేవాడు, కళ్లు మూసుకుని.

ఓ జనతా! జపాను సిటిజన్ వాళ్ల దగ్గర పని నేర్చి 1961లో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ ఇంటి బిడ్డా! తెల్లటి డయలు, పదిహేడు జ్యువెల్సు, ఏ ఆర్భాటమూ లేని ముఖం. పెళ్లికొడుకుల చేతులకు, బడిపంతుళ్ల చేతులకు, పాసయిన పిల్లల చేతులకు ఎన్ని ఊళ్లు తిరిగావు!

సెకనుకు ఐదు టిక్కులు నీవి. గంటకు 18,000. ఓ రాత్రి నిద్రపట్టక రోజుకెన్నో కట్టి చూశాను. 4,32,000. లేచి కూర్చున్నాను. కలియుగానికి పెద్దలు చెప్పిన ఏళ్లు సరిగ్గా అన్నే! అంటే ప్రతి ఉదయం నా అరచేతిలో ఒక కలియుగం గడిచిపోతోంది, నేను కీ ఇస్తే ఇంకొకటి మొదలవుతోంది. ఇది కాకతాళీయమేనని తెలుసు. అయినా ఆ రోజు నుంచి నిన్ను స్నానం చేశాకే ముట్టుకుంటున్నాను.

నీ పక్కనే అదే పెట్టెలో రోలెక్సు ఉంది. సవతి అనుకోకు. అది కీ కోసం చెయ్యి చాచదు, మణికట్టు ఆడితే చాలు, లోపలి రోటరు తిరిగి స్ప్రింగును తనే చుట్టుకుంటుంది. సెకనుకు ఎనిమిది టిక్కులు. అందుకే దాని సెకన్ల ముల్లు గెంతదు, నిండు కాలవలో పడవలా జారిపోతుంది. ఖరీదు మాత్రం అడగొద్దు, ఇంట్లోనే పూర్తిగా చెప్పలేదు. స్విట్జర్లాండులో దాని గుండెకు పదిహేను రోజులు పరీక్ష పెట్టారు. ఐదు భంగిమల్లో పెట్టి చూశారు, 8 డిగ్రీల చలిలో, 23లో, 38లో చూశారు. రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్లినా పాసే. 38 డిగ్రీలట పాపం! బాపట్ల రోహిణి కార్తె సంగతి ఆ దొరలకు ఎవరూ చెప్పినట్టు లేరు.

సూర్యలంక ఇసుకలోకి దాన్నే తీసుకెళ్తాను. 1926 నుంచి నీళ్లు చొరని కేసు కడుతున్న ఇల్లు వాళ్లది, ఉప్పుగాలి దాన్నేం చేస్తుంది? నిన్ను తీసుకెళ్లను. నువ్వు ఇంటిపట్టున ఉండు.

నా దగ్గరో పచ్చ అట్ట నోటుబుక్కుంది. ఒకప్పుడు ఆకాశవాణి వార్తల ముందు వచ్చే సన్నటి బీప్‌లు నీకు గురువులు. ఇప్పుడు సెల్‌ఫోను. అందులో అంకె మారే క్షణం కోసం ఊపిరి బిగబట్టి, నీ ముల్లు ఎక్కడుందో చూసి రాస్తాను. సోమవారం +7. మంగళవారం +7. బుధవారం +8, ఆ రాత్రి నిన్ను వెల్లకిలా కాక పక్కవాటుగా పడుకోబెట్టాను, తప్పు నాదే. ఒకరోజు ఐదు ముందుకు, మర్నాడు ఆరు వెనక్కి పోయే వాచీ నాకొద్దు. రోజూ ఏడే తప్పేదాన్ని నమ్మొచ్చు, ఏడు తీసేసుకుంటే సరి. మన పాత లెక్కలో విఘడియ అంటే 24 సెకన్లు. నీ రోజు తప్పు అందులో మూడో వంతు కూడా లేదు.

2016 జనవరిలో నీ కంపెనీ మూసెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు కూడా నువ్వు +7.

ఒక్కసారే నువ్వు నన్ను భయపెట్టావు. రేపల్లెలో పెళ్లికెళ్లి, చేతులు కడుక్కుంటూ నిన్ను మైకుసెట్టు స్పీకరు మీద పెట్టి మరిచాను. మర్నాటికి నిమిషాల కొద్దీ ముందుకు పరుగు! తెనాలిలో అద్దాల పెట్టె లాంటి కొట్టు, అందులో కంటికి భూతద్దం బిగించుకున్న మనిషి. మూత తీసి ఒక్క చూపు చూసి, "అయస్కాంతం దగ్గర పెట్టారా సార్?" అన్నాడు. నాకూ చూపించాడు. వెంట్రుకంత హెయిర్ స్ప్రింగు, చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క, పొట్టిదైతే చక్రం తొందరపడుతుంది. చిన్న నీలం పెట్టె మీద పెట్టి మీట నొక్కి, మెల్లగా పైకెత్తాడు. చుట్లు విడిపోయి, చక్రం మళ్లీ నిదానంగా ఊపిరి తీసుకుంది. డబ్బులివ్వబోతే వద్దన్నాడు.

రేపల్లె నుంచి తిరుగు రైల్లో కిటికీ పక్కన పొద్దు పొడుపు చూస్తూ కూర్చున్నానప్పుడు. రైలు పట్టాలు రేపల్లెతో ఆగిపోతాయి, పొద్దుకు ఆ ఆగడం లేదు. కానీ అది కూడా నీలా తప్పేదే. 1906 జనవరి 1న దేశానికంతటికీ కలిపి పెట్టిన టైము 82½ డిగ్రీల రేఖది. మనం దానికి పడమటి వైపు. కాబట్టి సగటున పొద్దు రేపల్లెలో ఏడు నిమిషాలకు కాస్త తక్కువ, బాపట్లలో ఎనిమిది నిమిషాలు ఆలస్యం. అంతకుముందు రైళ్లు నడిచిన మద్రాసు టైము మన పొద్దుకు దగ్గరి చుట్టం, తెనాలిలో తేడా నిమిషంన్నరే.

ఇవాళ్టి పేజీ: రోలెక్సు +2. జనతా +7. తెనాలి సూర్యుడు, సగటున, ఏడున్నర నిమిషాలు స్లో.