పెద్దగా పాడకపోవడమనే విద్య

మా ఇంట్లో గాత్రానికి కొలబద్ద ఒక్కటే ఉండేది: వీధి చివరి దాకా వినిపించిందా, లేదా? పద్యనాటకాలు చూస్తూ పెరిగిన తాతయ్యకు మైకంటేనే చిన్నచూపు. నటుడు రాగం తీస్తే ఆఖరి వరుసలో చాప మీద కునుకు తీస్తున్నవాడు కూడా లేచి ‘వన్స్ మోర్’ అనాలి. అలాంటి మనిషికి అమెరికా గాయని బిల్లీ ఐలిష్ పాట వినిపించి ఉంటే “పాపం, ఈ పిల్లకు జ్వరమా?” అనేవాడు.

మొదటిసారి ఫోన్ స్పీకర్‌లో విన్నప్పుడు నాకూ ఇంచుమించు అలాగే అనిపించింది. తర్వాతెప్పుడో రాత్రి బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పక్క సీట్లో కూర్చున్న మనిషి నా చెవికి చెయ్యి అడ్డం పెట్టి రహస్యం చెబుతున్నట్టుంది. ఊపిరి పీల్చడం వినిపిస్తోంది, పెదవులు విడివడిన చప్పుడు వినిపిస్తోంది. ఇది నీరసం కాదని, ఎవరో ఎంతో కష్టపడి కట్టిన పనితనమని అప్పుడు తెలిసింది.

ఆమె కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. లాస్ ఏంజెలెస్‌లో హైలాండ్ పార్క్ అనే పేట, అక్కడ రెండు పడకగదుల చిన్న ఇల్లు. అమ్మానాన్నలిద్దరూ నటులు, కానీ పెద్ద పేరున్నవాళ్లు కారు. పిల్లలిద్దరికీ చదువు ఇంట్లోనే. అన్న ఫినియస్ తన బ్యాండ్ కోసం ‘ఓషన్ ఐస్’ అనే పాట రాసుకుని, ఇది చెల్లెలి గొంతులోనే బాగుంటుందని ఆమె చేత పాడించాడు. ఆమెకు డాన్సు నేర్పే మాస్టారు క్లాసు కోసం ఒక పాట అడిగి ఉన్నాడు. ఆయనకు అందేలా 2015 నవంబరు 18న దాన్ని సౌండ్‌క్లౌడ్‌లో పెట్టారు. అప్పటికి బిల్లీకి పద్నాలుగేళ్లు నిండలేదు. చూస్తుండగానే ముక్కూమొహం తెలియనివాళ్లంతా ఆ పాట వినడం మొదలుపెట్టారు. 2019 మార్చిలో మొదటి పూర్తి ఆల్బమ్ వచ్చింది. 2020 జనవరిలో గ్రామీ ప్రధాన పురస్కారాలు నాలుగూ ఒకే రాత్రి ఆమె చేతికొచ్చాయి. అంతకుముందు అలా నాలుగూ ఒక్కసారే పట్టుకెళ్లినవాడు 1981లో క్రిస్టఫర్ క్రాస్ ఒక్కడే.

ఇంతవరకూ చెప్పి “అంతా నెట్ మహిమ” అని చేతులు దులుపుకోవడం మామూలు. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఆ రోజు సౌండ్‌క్లౌడ్‌లో పాట పెట్టింది వాళ్లిద్దరేనా? తలుపు తెరిచి ఉందని ఎవరైనా లోపలికి వస్తారు. వచ్చిన చుట్టాన్ని నాలుగు రోజులుండి వెళ్లమని మనం బతిమాలుకున్నామంటే ఆ మనిషిలో ఏదో ఉండాలి. పైగా ఆ మొదటి పాటకూ ఆల్బమ్‌కూ మధ్య మూడేళ్లకు పైగా గడిచింది. ఆ మూడేళ్లూ అన్నాచెల్లెళ్లు చేసిందేమిటన్నదే నాకు ఆసక్తి.

మెల్లగా పాడే వాళ్ల విద్యకు దాదాపు వందేళ్ల వంశవృక్షం ఉంది. 1925కు ముందు రికార్డింగంటే బాకాలాంటి గొట్టం ముందు నిలబడి గొంతు చించుకోవడమే. ఆ గాలి తాకిడికే సూది కదిలి మైనం మీద గీత పడాలి. 1925లో విద్యుత్ మైక్రోఫోన్ రికార్డింగులోకి వచ్చాక అరవాల్సిన పని తప్పింది. బింగ్ క్రాస్బీ లాంటి గాయకులు మైకును చెవి అనుకుని పాడారు. పెద్దలకు ఒళ్లు మండింది. మగవాడు ఇలా గోముగా పాడటమేమిటని 1932లో బోస్టన్ క్యాథలిక్ మతగురువు, కార్డినల్ బహిరంగంగానే తిట్టిపోశాడు. ఆయన ఇంటిపేరు ఓకానెల్. బిల్లీ ఇంటిపేరూ ఓకానెలే. చుట్టరికం ఉందని కాదు, నవ్వొచ్చి చెబుతున్నాను. తర్వాత 1951లో లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతులు ఇంట్లోనే ఒక గొంతు మీద అదే గొంతును పొరలు పొరలుగా పేర్చి అమెరికా అంతా వినిపించారు. బ్రెజిల్‌లో జువావ్ జిల్బెర్తో అక్కగారింటి స్నానాలగదిలో కూర్చుని, వీలైనంత తగ్గించి పాడటం నెలల తరబడి సాధన చేశాడు. బోసా నోవా అనే సంగీతశైలికి పునాది పడింది అక్కడే.

ఇంతకీ తగ్గించి పాడటంలో కష్టమేమిటి? గొంతెత్తి పాడితే చిన్న చిన్న తప్పులు ఆ జోరులో కొట్టుకుపోతాయి. మెల్లగా పాడితే శ్రుతి వెంట్రుకవాసి జారినా బయటపడుతుంది. ఊపిరి ఎక్కువగా వదులుతూ స్వరాన్ని నిలబెట్టాలంటే దమ్ము మీద గట్టి పట్టుండాలి. బిల్లీ ఎనిమిదో ఏటి నుంచి లాస్ ఏంజెలెస్ బాలల బృందగానంలో పాడింది. ఆ పునాది గుసగుసలో కనబడదు, పనిచేస్తుంది.

మైకు సంగతి వేరు. ఒకే దిక్కు నుంచి శబ్దాన్ని పట్టే రకం మైకుకు నోరు బాగా దగ్గరగా పెడితే మంద్రస్వరాలు బలపడతాయి, సన్నని గొంతుకు కండ పడుతుంది. కానీ ఆ దగ్గరితనంలో ‘ప’, ‘బ’ పలికితే గాలి దెబ్బ తగిలి ‘ధబ్’ మంటుంది. మన మహాప్రాణాలైతే ఇక చెప్పనక్కర్లేదు, ‘ఫలము’ అంటే మైకు మీద బాంబు పడినట్టే. అందుకే వల అడ్డం పెడతారు, లేదా మూతి కాస్త పక్కకు తిప్పి పాడతారు. ఆ పైన కంప్రెషన్: గట్టి చోట్లను అదిమి, మొత్తాన్ని పైకెత్తడం. దాంతో నిట్టూర్పు కూడా డోలుకు సమానంగా నిలబడుతుంది.

మొదటి ఆల్బమ్‌ను ఫినియస్ పడకగదిలో, చాలావరకు మంచం మీద కూర్చునే పాడారు. పరుపు, దుప్పట్లు ప్రతిధ్వనిని కొంత పీల్చేస్తాయి. (మనవాళ్లు ప్రయత్నిస్తే ముందు ఫ్యాను ఆపాలి, ఆ తర్వాత కుక్కరు.) ఒకే పంక్తిని డజన్ల కొద్దీ సార్లు పాడటం, వాటిలో ఈ మాట ఇక్కడి నుంచి, ఆ అక్షరం అక్కడి నుంచి ఏరి అతుకు తెలియకుండా కుట్టడం వాళ్ల పద్ధతి. గంటకింత అని అద్దె కట్టే స్టూడియోలో కొత్తవాళ్లకు అంత ఓపిక ఎవరిస్తారు? పడకగది చేసిన అసలు మేలు అదీ. చుట్టుపక్కల చప్పుళ్లనూ వదల్లేదు. సిడ్నీలో రోడ్డు దాటే చోట సిగ్నల్ చేసే టకటకను బిల్లీ ఫోన్‌లో పట్టుకొస్తే అది ‘బ్యాడ్ గై’లో తాళమైంది. ‘బరీ ఎ ఫ్రెండ్’లో పళ్ల డాక్టరు దగ్గరి యంత్రం రొద వినిపిస్తుంది. ఇన్ని పోగేసినా పాట కిక్కిరిసి ఉండదు. గొంతు చుట్టూ ఖాళీ వదలడం ఫినియస్ నేర్పు. ఇళ్లలో పాటలు చేసే కుర్రాళ్లు నేర్చుకోవాల్సిందీ, తరచుగా నేర్చుకోనిదీ అదే. వాళ్లు గుసగుసను మాత్రం పట్టుకున్నారు, కొంతమంది నోట అది ముద్దమాటల జబ్బుగా మారింది.

తెలుగు చెవికి ఈ విద్య మరీ కొత్త కాదు. రావు బాలసరస్వతీదేవి రేడియోలో పాడినప్పుడు గొంతు కచేరీ చేయలేదు, పలకరించింది. ఆకాశవాణి లలితసంగీతమంతా ఆ దగ్గరితనం మీదే నడిచింది. విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాక బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్లు దాన్ని పెంచి పోషించారు. సభలో వెయ్యిమందికి పాడటం వేరు, వెయ్యి ఇళ్లలో ఒక్కొక్కరికి పాడటం వేరని వాళ్లకు తెలుసు. ‘ఈ మాసపు పాట’ కోసం మా అమ్మ పొయ్యి మీది గిన్నె దించి మరీ రేడియోకు చెవి ఒగ్గేది. తాతయ్య ఆ వేళకు బయట అరుగు మీద ఉండేవాడు.

2021లో వచ్చిన ‘హ్యాపియర్ దేన్ ఎవర్’ అనే పాట సగం దాకా పాత రేడియోలోంచి వస్తున్నట్టు నెమ్మదిగా సాగుతుంది. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్లు దూసుకొస్తాయి, బిల్లీ గొంతు చించుకుని అరుస్తుంది. తాతయ్య బతికుంటే సరిగ్గా అక్కడ పేపరు పక్కన పెట్టి, “ఆఁ, ఇప్పుడు పాడుతోంది” అనేవాడు. నేను మాత్రం పాటను వెనక్కి జరిపి ఆ మొదటి సగమే మళ్లీ వింటాను.