లంద వాసన తెలిసిన గ్రంథం

మా నర్మెట్ట వైపు, మాదిగల కులకథ చెప్పే డక్కలి వాళ్లు పటం పట్టుకొని వచ్చారంటే నేరుగా మాదిగవాడకే పోతారు. ఇంకొకరి వాకిట్లో ఆ పటం విప్పరు. విప్పితే మూరల కొద్దీ బట్ట, దాని నిండా బొమ్మలు, బొమ్మ బొమ్మకూ ఒక కథ. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే పుట్టినవాడు జాంబవుడు, ఆయన సంతతి మీరు అని చెప్పి, ఇచ్చింది తీసుకొని, పటం చుట్టుకొని వెళ్లిపోతారు. ఇలాంటి పటాలు గీసే చేర్యాల మాకు పొరుగే. ఊరంతా కింద కూచోబెట్టిన వాళ్లకు, ఊరందరికన్నా ముందు పుట్టిన తాతను చూపించే విద్య అది.

చుట్టి దాచుకునే కథనే నమ్ముకున్న తెలుగువాళ్లు ఇంకొందరున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో నలభై యాభై కుటుంబాలు. బెనె ఎఫ్రాయిం అని పేరు పెట్టుకున్నారు. హీబ్రూలో ఎఫ్రాయిం బిడ్డలని అర్థం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పుట్టుక మాదిగ కులం, పాటించేది యూదు మతం.

ఈ దారి ఎక్కడ మొదలైందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున, క్లౌ దొర నడిపిన బాప్టిస్టు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. ఆ తరానికి బైబిలు చేతికొచ్చింది, చదువు వచ్చింది. వందేళ్ల తర్వాత ఆ బైబిలులోనే పాత నిబంధన దగ్గర ఆగిపోయినవాళ్లు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు. షమూయేల్ క్రైస్తవ బోధకుడు. 1980ల్లో జెరూసలేం చూసి వచ్చాక యూదు మతం వైపు తిరిగాడు. 1991లో కొత్తరెడ్డిపాలెంలో ప్రార్థనామందిరం వెలిసింది. యూదులు దాన్ని సినగాగ్ అంటారు. క్రీస్తుపూర్వం 722లో అస్సీరియా చేతిలో ఓడి చెల్లాచెదురైన ఇశ్రాయేలు గోత్రాల్లో తమదీ ఒకటని వీళ్ల నమ్మకం.

నిజమేనా? రాతపూర్వకమైన ఆధారం లేదు. మణిపూర్, మిజోరం వైపు బెనె మెనషే అనే వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. బెనె ఎఫ్రాయింకు అలాంటి గుర్తింపు రాలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద 2013లో పుస్తకమే తెచ్చారు. వంశం సంగతి నాకు అంత ముఖ్యం కాదు. జాంబవుడి వయసు లెక్కగట్టి డక్కలి పటాన్ని ఎవరూ కొట్టిపారేయరు కదా. ఈ మతంలో తోలు పనివాడికి ఏం దొరికిందన్నదే నా కుతూహలం.

సినగాగ్‌లో చదివే తోరా, అంటే యూదుల ధర్మగ్రంథం, అచ్చు పుస్తకం కాదు, తోలు చుట్ట. తినదగిన జంతువు తోలు తీసి, వెంట్రుక పోయేలా సున్నంలో నానేసి, గీకి, లాగి ఆరబెట్టి పలకలు చేస్తారు. ఆ పలకలను జంతువు నరంతోనే కలిపి కుడతారు. లంద (తోళ్లు నానబెట్టే గొయ్యి) దగ్గర పెరిగిన వాడికి ఇదంతా విడమరచి చెప్పనక్కర్లేదు. మన దగ్గర సున్నం తర్వాత తంగేడు చెక్కలోనూ నానబెడతారు. (అదే తంగేడు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం; లంద గొయ్యి మాత్రం ఊరవతలే మిగిలింది.) ఆ తోలు మీద పక్షి ఈకతో 3,04,805 అక్షరాలు రాస్తారు. కంఠతా వచ్చినా సరే, ఎదురుగా మూలప్రతి లేకుండా రాయకూడదు. ప్రతి మాటా పైకి పలికాకే రాయాలి. ఒక్క అక్షరం తప్పినా దిద్దేదాకా ఆ చుట్ట చదవడానికి పనికిరాదు.

తోలు పని గొప్పదని యూదులు ఎప్పుడూ పొగిడారనుకుంటే పొరపాటు. తోళ్లు ఊనే చోటు పట్నానికి 50 మూరల దూరంలో, అదీ తూర్పు వైపే ఉండాలని వాళ్ల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ఉంది. వాసన వాళ్లకూ వాసనే. కానీ దూరం పెట్టింది గొయ్యిని. మనిషి స్నానం చేసి వస్తే సభలో కూచోవచ్చు, తోరా చదవవచ్చు. రెండో శతాబ్దపు పండితుల్లో యోహానాన్ అనే ఆయనకు ‘హసందలార్’ అని పేరు; చెప్పులు కుట్టేవాడని దాని అర్థంగా చెబుతారు. మన ఊళ్లలో గొయ్యికి పెట్టిన దూరం మనిషికీ, మనిషి మనవడికీ అంటుకుంది.

తిండి విషయం ఇంకా సూటి. పెద్దమాంసం తింటారన్నదే ఊళ్లో మాదిగలను తక్కువ చేసిన మాట. తోరా లెక్కలో నెమరు వేసి, చీలిన గిట్టలున్న పశువు తినదగినదే. చచ్చిన పశువు మాత్రం పనికిరాదు. కోసిన మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, నెత్తురు పోయేలా కడగాలి. తాము పెద్దమాంసం తినడాన్నే ఇశ్రాయేలు వంశానికి గుర్తుగా బెనె ఎఫ్రాయిం చూపిస్తారు. ఊరు తిట్టిన తిట్టే వీళ్లకు సాక్ష్యమైంది.

ఇక చదువు. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. తోరా చుట్టలో అచ్చులకు గుర్తులుండవు. మన లిపిలో తలకట్టు, గుడి, కొమ్ము అన్నీ తీసేసి ‘క ల’ అని రాసి చదవమంటే ఎలా ఉంటుంది? కల కావచ్చు, కాలు, కీలు, కూలి, కోల ఏదైనా కావచ్చు. చదివేవాడు ముందే సాధన చేసి రావాలి, పక్కవాడు తప్పు పట్టాలి. అందుకే అక్కడ చదువు ఒంటరి పని కాదు. ఏడాదికి 54 భాగాలు, దాదాపు వారానికొకటి. చివరి మాట చదివిన పండగనాడే మళ్లీ మొదటి మాట అందుకుంటారు.

వారానికొక విశ్రాంతి దినం కూడా ఉంది, శనివారం. అది శుక్రవారం సాయంత్రమే మొదలవుతుంది. ఆ రోజు పొద్దు గుంకే ముందు ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. ద్రాక్షరసం, రెండు రొట్టెలు. ఆ పూట తండ్రి కొడుకుల తలల మీద చేతులు పెట్టి, ఎఫ్రాయిం, మనష్షేల్లా ఉండమని దీవించడం ప్రపంచమంతటా యూదుల ఆచారం. ఆ దీవెన వెనుక ఒక ముచ్చట ఉంది. ముసలి యాకోబు మనవలను దీవించేటప్పుడు చేతులు అడ్డంగా మార్చి, కుడిచేయి చిన్నవాడైన ఎఫ్రాయిం తల మీద పెట్టాడు. పెద్దవాడి తల అది కాదని పిల్లల తండ్రి యోసేపు సరిచేయబోతే ఒప్పుకోలేదు. తెలుగు మాదిగలు ఈ పేరే ఎందుకు ఎంచుకున్నారో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకోవచ్చు.

కష్టం శనివారం దగ్గరే వస్తుంది. ఆ సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు పొడిచేదాకా పని చేయకూడదు. నిషిద్ధమైన పనులు 39. తోలు ఒలవడం, ఊనడం, గీకడం, కోయడం అందులో ఒక్కొక్కటీ వేరే పద్దు. కొంకణ తీరంలో నూనె గానుగలాడించే యూదులు శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి ఊళ్లో వాళ్లను శనివార్ తేలీలన్నారు. కొత్తరెడ్డిపాలెంలో చాలామందిది వ్యవసాయ కూలి. మిరప కోతల్లో ఒకరోజు ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. మా వైపు కైకిలి పోయే వాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు. నియమం పూర్తిగా నిలబెట్టుకోలేని వాళ్లను నేను తప్పు పట్టను. దానికి తోడు, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్లకే. యూదుణ్నని కాగితం మీద రాసుకోవడానికి ఖరీదుంది.

చేబ్రోలు వెళ్లేవాళ్లు చతుర్ముఖ బ్రహ్మ గుడి చూసి తిరిగి వచ్చేస్తారు. ఈసారి కొత్తరెడ్డిపాలెం దాకా పోయి రండి. శనివారమైతే మాత్రం ఫోన్ నంబరు రాసిమ్మని ఎవరినీ అడగకండి. రెండక్షరాలు రాసినా ఆ 39 పనుల్లో ఒకటి చేసినట్టే.