ఆటలో కన్ను ఎక్కడుంది?

కిందటి నెల మా ఊళ్లో జరిగిన సాహిత్య గోష్ఠిలో మాటల మధ్య కంప్యూటరు ఆటల ప్రస్తావన వచ్చింది. ఒక పెద్దాయన వాటి మీద విరుచుకుపడ్డారు. అవి యువతరాన్ని మత్తులో ముంచుతున్నాయనీ, చంపడాన్ని వినోదంగా నేర్పుతున్నాయనీ, వాటిని నిషేధించమని రచయితలు గొంతెత్తాలనీ ఆయన వాదన. వెంటనే ఒక యువకవి లేచి, "ఆట ఆటే గదండీ, దాంట్లో కూడా భావజాలం వెతకాలా?" అన్నాడు. సభ రెండుగా చీలింది. నేను నోరు విప్పలేదు. అభిప్రాయం లేక కాదు, ధైర్యం చాలక. ఎందుకంటే దాదాపు పాతికేళ్లుగా నేను ఈ ఆటలు ఆడుతున్నాను. ఆనాడు సభలో మింగేసిన మాటలే ఈ వ్యాసం.

2001లో ఎమ్మే తెలుగు చదివే రోజుల్లో మా యూనివర్సిటీ గేటు ఎదురుగా ఒక నెట్ సెంటరు ఉండేది. గంటకు పదిహేను రూపాయలు. పగలు ప్రబంధాల మీద నోట్సు రాసుకుని, రాత్రి భోజనాలయ్యాక నలుగురం మిత్రులం అక్కడ చేరి 'కౌంటర్ స్ట్రయిక్' ఆడేవాళ్లం. తర్వాత ఉద్యోగం వచ్చింది, సంసారం వచ్చింది. అయినా పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తిచేసి ఒక గంట 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం ఆడందే నిద్రపట్టని రాత్రులు ఇప్పటికీ ఉన్నాయి. కనుక ఈ విమర్శ ఒడ్డున నిలబడి చేస్తున్నది కాదని పాఠకులు ముందే గ్రహించాలి.

నిషేధించాలన్న పెద్దాయనా, ఆట ఆటే అన్న కవీ ఇద్దరూ ఒకే పొరపాటు చేశారని నా అభిప్రాయం. ఆటలో చెప్పదగిందేమైనా ఉంటే అది దాని కథలోనే ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు. ఒకరికి ఆ కథ భయంకరంగా తోచింది, ఇంకొకరికి పట్టించుకోనక్కర్లేనిదిగా తోచింది. నిజానికి ఆటలో కథ గోడకు వేసిన సున్నం లాంటిది. గోడను కట్టింది నియమాలు. ఆడేవాడి కన్ను ఎక్కడ నిలబడి చూస్తున్నది? ఎవరి స్థానంలో ఉండడానికి వాడికి వీలున్నది, ఎవరి స్థానంలో ఉండడానికి వీల్లేదు? ఏ నష్టం లెక్కకు వస్తుంది, ఏది రాదు? ఈ ప్రశ్నలకు నియమాలు ఇచ్చే జవాబే ఆ ఆట దృక్పథం.

ముందు షూటర్ ఆటలు చూద్దాం. 1993లో ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే అమెరికన్ సంస్థ తెచ్చిన 'డూమ్' ఈ తరహా ఆటలకు ఒరవడి పెట్టింది. తెర అడుగున ఒక తుపాకి, దాన్ని పట్టిన చేయి. మన శరీరం అంతే. ఎదురుగా వచ్చేవి నరకం నుంచి ఊడిపడ్డ భూతాలూ, వాటి వశమైపోయిన సైనికులూ. తెర కింది పట్టీలో ఒక చిన్న ముఖం ఉంటుంది. అది మనది. దెబ్బ తగిలినకొద్దీ దాని మీద నెత్తురు కారుతుంది. ఆట మొత్తం మీద నొప్పి తెలిసిన మనిషి ముఖం అదొక్కటే. ఎదుట ఉన్నది భూతం కాబట్టి ఇందులో నాకు పెద్ద అభ్యంతరం లేదు. అదే చట్రంలో భూతాన్ని తప్పించి మనిషిని నిలబెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

'కౌంటర్ స్ట్రయిక్' 1999లో ఇద్దరు కుర్రవాళ్లు 'హాఫ్ లైఫ్' అనే ఆటను మార్చి తయారుచేసినది. మరుసటి ఏడు వాల్వ్ సంస్థ దాన్ని అమ్మకానికి పెట్టింది. ఒక జట్టు టెర్రరిస్టులు, ఇంకో జట్టు వాళ్లను అణిచేవాళ్లు. పేర్లు చూసి దీన్ని తిట్టడం తేలిక. ఆడినవాడి అనుభవం వేరు. ఇప్పుడు బాంబు పెట్టినవాడు కాసేపటికి జట్టు మారి బాంబు తీసేవాడవుతాడు. చచ్చినవాడు ఆ రౌండు ముగిసేదాకా లేవడు, చేతులు కట్టుకుని మిగతావాళ్ల ఆట చూస్తూ కూర్చోవాలి. అందువల్ల ప్రాణానికి ఆటలోనే ఒక విలువ ఏర్పడింది. శత్రువు పక్క కుర్చీలో ఉన్న మా మిత్రుడే. ఓడినవాడు టీ తాగించాలి. అయితే అందులోనూ ఒక జమాఖర్చు ఉన్నది. ఒకణ్ణి చంపితే మూడు వందల డాలర్లు చేతికొస్తాయి. ఆ డబ్బుతో ఇంకా మంచి తుపాకి కొనాలి. చంపడం కూలి, ఆ కూలితో కొనేది మళ్లీ చంపే పనిముట్టు. ఆ రోజుల్లో ఇది నాకు తట్టలేదు. గురి కుదిరినందుకు బహుమానం అనుకున్నాను.

దీని పక్కన 'అమెరికాస్ ఆర్మీ'ని పెట్టి చూడాలి. 2002 జులై 4న అమెరికా సైన్యమే ఈ ఆటను ఉచితంగా విడుదల చేసింది. యువకులను సైన్యం వైపు ఆకర్షించడం కోసమే చేశామన్న సంగతి వాళ్లు దాచలేదు. 2022 మే దాకా నడిపారు. ఇందులోనూ రెండు జట్లు పోరాడతాయి. కాని ఎవరు ఏ జట్టులో ఉన్నా, తన తెర మీద తన జట్టువాళ్లు అమెరికన్ సైనికుల్లాగే కనిపిస్తారు, అవతలివాళ్లు శత్రువుల్లాగే కనిపిస్తారు. అవతలివాడి తెర మీద అదే తారుమారుగా కనిపిస్తుంది. అంటే అందరూ అమెరికన్ సైనికులే, అందరూ ఎదుటివాడి కంటికి శత్రువులే. ఒక్క నిమిషమైనా శత్రువుగా ఉండి చూసే వీలు ఎవరికీ లేదు. ఉపన్యాసం లేదు, నినాదం లేదు, ఒకే ఒక్క నియమం. ఆ నియమం చెప్పే మాటను నేను ఒప్పుకోను. అయినా రూపంలోనే ఇంత నేర్పుగా దృక్పథాన్ని ఇమిడ్చిన రచనలు మన సాహిత్యంలో ఎన్ని ఉన్నాయని నన్ను నేను అడగకుండా ఉండలేను.

'కాల్ ఆఫ్ డ్యూటీ' వరసకు ఇంత నిగ్రహం లేదు. 2019లో వచ్చిన 'మోడర్న్ వార్‌ఫేర్' ఒక కల్పిత దేశంలో జరుగుతుంది. అందులో 'హైవే ఆఫ్ డెత్' అనే రహదారి ఉంటుంది. పారిపోతున్నవాళ్ల మీద అక్కడ బాంబులు వేసింది రష్యావాళ్లని ఒక పాత్ర చెబుతుంది. అదే పేరుతో లోకానికి తెలిసిన దారి కువైట్ నుంచి ఇరాక్ వైపు పోయేది. 1991లో అక్కడ వెనక్కి తగ్గుతున్న ఇరాకీ సైన్యం మీద, దానితోపాటు పోతున్న వాహనాల మీద బాంబులు వేసింది అమెరికా, దాని మిత్రపక్షాల విమానాలు. పేరు ఉంచేసి కర్తను మార్చారు. తెలుగు పండితుడికి కర్తను మార్చడమంటే ఏమిటో వేరే చెప్పాలా!

ఈ వరసలోనే 2007లో వచ్చిన ఆటలో ఒక ఘట్టం నన్ను ఇప్పటికీ వదల్లేదు. మనం యుద్ధ విమానంలో ఉంటాం. కింద నేల నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. మనుషులు తెల్లని చుక్కలు. ఫిరంగి పేలుస్తాం, చుక్కలు ఆరిపోతాయి. మనకు దెబ్బ తగలదు. అంత సులువుగా గెలిచిన ఘట్టం ఇంకొకటి గుర్తు లేదు. ఆ సులువే దాని అర్థమని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఆట కావలసివచ్చింది. 2012లో బెర్లిన్‌కు చెందిన యాగర్ సంస్థ చేసిన 'స్పెక్ ఆప్స్: ద లైన్' కూడా ఒకచోట పై నుంచి తెల్లని చుక్కలనే చూపిస్తుంది, వాటి మీద మండే భాస్వరం వేయిస్తుంది. ఆ చూపు తెర అద్దంలో మన సైనికుడి ముఖం నీడలాగా కనిపిస్తూ ఉంటుంది. తర్వాత అదే నేల మీద మనల్ని నడిపిస్తుంది. కాలిపోయినవాళ్లలో సైన్యాన్ని ఆశ్రయించి వచ్చిన సామాన్యులున్నారు, పిల్లను పొదువుకున్న తల్లి ఉన్నది. లోపం ఏమిటంటే, భాస్వరం వెయ్యకుండా ముందుకు పోయే దారి ఆట ఇవ్వదు. తానే చేయించి, ఎందుకు చేశావని నిలదీస్తుంది. ఇది అన్యాయమైన శిల్పం. అయినా షూటర్ ఆటల్లో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. ఆకాశంలో ఉన్న కన్నును నేల మీదికి దించింది గనుక.

స్ట్రాటజీ ఆటల్లో కన్ను ఎన్నడూ దిగదు. వాటి వంశవృక్షంలోనే ఆ గుణం ఉన్నది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు శిక్షణ కోసం చేపట్టిన 'క్రీగ్‌స్పీల్' అనే బల్ల మీది యుద్ధక్రీడ వీటికి పూర్వీకుడు. పటం మీదికి వంగి చూసే సేనాని చూపు నుంచే ఈ ఆటలన్నీ పుట్టాయి. 1991లో సిడ్ మెయర్ చేసిన 'సివిలైజేషన్'లో అడుగుపెట్టని నేల నల్లగా ఉంటుంది, అక్కడ తిరిగేవాళ్లకు 'అనాగరికులు' అని పేరు. ఎవరినైనా ఎన్నుకోవచ్చు, కాని ఎవరిని ఎన్నుకున్నా చెయ్యవలసింది విస్తరించడమే. 2018లో దాని ఆరో భాగంలోకి కెనడాలోని క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ను చేర్చారు. గౌరవించామనే అనుకొని ఉంటారు. కాని ఇతరుల నేలను ఆక్రమించడం మా విలువ కాదని ఆ జాతి పెద్ద ఒకరు బాహాటంగా ఆక్షేపించారు. ఆయన ఆటను కథగా చూడలేదు, నియమంగా చూశాడు. అది సరైన విమర్శ.

ఇక నాకు ప్రాణమైన ఆట. ఎన్సెంబుల్ సంస్థ 1999లో తెచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం ముగ్గురు గ్రామస్థులతో మొదలవుతుంది. యాభై పాళ్ల తిండి ఇస్తే ఇంకో గ్రామస్థుడు పుడతాడు. వాళ్లే కట్టెలు కొడతారు, బంగారం తవ్వుతారు, పొలం చేస్తారు, కోట కడతారు. రైతు చేయి ఆగితే గుర్రం పుట్టదు, కత్తి పుట్టదు. సామ్రాజ్యమంతా ఎవరి చెమట మీద నిలబడిందో ఇంత తేటగా చూపిన చరిత్ర పాఠం మా బడి పుస్తకాల్లో కూడా లేదు. నేను ఈ ఆటను ప్రేమించడానికి అదొక కారణం. 2022లో దీనికి భారత రాజవంశాల అనుబంధం వచ్చింది. ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు చేరారు. ఉరుమి తిప్పే సైనికుణ్ణి చూసి నేనూ మురిశాను. ద్రావిడ గ్రామస్థుడి ధర మాత్రం అదే యాభై పాళ్ల తిండి. హిందుస్తానీల పక్షాన ఆడితే గ్రామస్థుడు ఇంకా చవకగా దొరుకుతాడు. అది ఆ జాతికి ఇచ్చిన వరం!

ఆటలో జనాభాకు పరిమితి రెండు వందలు. సగానికి పైగా గ్రామస్థులే ఉంటారు. ఆట చివరికి వచ్చాక సైన్యానికి చోటు కావాలి. అనుభవం ఉన్న ఆటగాడు అప్పుడేం చేస్తాడంటే, పని అయిపోయిన గ్రామస్థులను ఎంచుకుని డిలీట్ మీట నొక్కుతాడు. వాళ్లు అక్కడికక్కడే కూలిపోతారు. ఆ ఖాళీలో గుర్రపు రౌతులు పుడతారు. ఇది మోసం కాదు, మెలకువ. ఎన్నో ఏళ్లుగా నేనూ చేస్తున్నాను. ఒక రాత్రి అలా ఇరవై మందిని తీసేస్తుంటే, పక్కన కూర్చున్న మా చిన్నమ్మాయి అడిగింది: "నాన్నా, వాళ్లు మనవాళ్లే కదా?"

జవాబు చెప్పలేకపోయాను. ఆట ఆగిపోలేదు, ఆ రాత్రి గెలిచాను కూడా. కాని ఆ ప్రశ్న ఆట దగ్గర ఆగలేదు. కొన్నేళ్ల కిందట ఇటువంటి పత్రికలోనే ఒక కథను నేను చాలా మెచ్చుకున్నాను. వస్తువు అభ్యుదయకరమైనదనీ, ముగింపు ఉత్తేజకరంగా ఉందనీ రాశాను. దాన్ని మళ్లీ తీసి చదివాను. కథలో నాయకుడికి పేరుంది, ఊరుంది, జ్ఞాపకాలున్నాయి. కూలీలు మాత్రం "పదిమంది కూలీలు", "ఇరవై మంది కూలీలు". పేరున్న కూలి ఒక్కడే. వాడు నాయకుడికి కోపం తెప్పించడానికి మూడో పేజీలో చచ్చిపోతాడు. కథకుడి కన్ను ఆకాశంలో ఉన్నది. ముగింపులో ఎత్తిన పిడికిలిని చూసి నేను ఆ సంగతి గమనించలేదు. ఆటల మీద విరుచుకుపడేముందు మన కథల్లో డిలీట్ మీట ఎక్కడుందో వెతుక్కోవడం అవసరం.

స్ట్రాటజీ అంటేనే కన్ను పైన ఉండాలనేమీ లేదని చూపిన ఆట కూడా వచ్చింది. 2014లో వార్సాకు చెందిన లెవెన్ బిట్ స్టూడియోస్ చేసిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' 1992 నుంచి 1996 దాకా సాగిన సారయెవో ముట్టడిని ఆధారం చేసుకున్నది. మనం సైనికులం కాదు, కూలిన ఇంట్లో తలదాచుకున్న ముగ్గురు నలుగురు మనుషులం. ఆకలి, చలి, మందు లేకపోవడం. ఒక రాత్రి ముసలి దంపతుల ఇంట్లో తిండి దొంగిలించవచ్చు. ఎవరూ అడ్డుకోరు. తెల్లవారాక ఆ దొంగిలించినవాడు దిగులుపడి కూర్చుంటాడు. ఇక్కడ నష్టం లెక్కకు వచ్చింది. 2020లో పోలండ్ ప్రభుత్వం ఈ ఆటను పాఠశాలలకు సూచించిన రచనల జాబితాలో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మన ప్రభుత్వం 'పబ్జీ మొబైల్'ను మరో 117 యాప్‌లతో కలిపి నిషేధించింది. కారణం దేశ భద్రత, సమాచారం బయటికి పోతుందన్న అనుమానం. ఆటలో ఏముందన్నది ఎవరూ చర్చించలేదు. మరుసటి ఏడు పేరు మార్చుకుని అదే ఆట తిరిగి వచ్చింది. మా పెద్దాయన కోరిన నిషేధం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలు. పోలండ్ చేసినది చదవడం, మనం చేసినది మూయడం.

మన ఊళ్లలో గుడి అరుగుల మీద ఇప్పటికీ పులిజూదం గీతలు కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి చంపుతుంది. మేకలు పులిని చంపలేవు, కదలనీయకుండా చుట్టుముట్టగలవు. మేక పోతే పోయినట్టే, తిండి పెట్టి ఇంకోదాన్ని పుట్టించడానికి లేదు. ఎడం ఇవ్వకుండా ఒకదానికొకటి ఆనుకుని నిలిస్తేనే గెలుపు. ఒక ఆట అయ్యాక మా తాత బల్ల తిప్పేవాడు: "ఇందాక పులివి, ఇప్పుడు మేకలు పట్టు." పక్షం మారకుండా ఆడితే ఆట రాదనేవాడు.

గోష్ఠిలో ఆ యువకవికి చెప్పవలసిన జవాబు అదే. ఆట ఆటే. కాని ఏ వైపు కూర్చోబెట్టి ఆడిస్తున్నారో, రెండో వైపు కూర్చోనిస్తున్నారో లేదో చూడకుండా ఆడినవాడూ, చూడకుండా తిట్టినవాడూ ఇద్దరూ ఒకటే. నేను 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' మానలేదు. జనాభా రెండు వందలకు చేరినప్పుడు మాత్రం చేయి ఆ మీట దగ్గర కాసేపు ఆగుతున్నది. ఒక్కోసారి గ్రామస్థులను ఉంచేసి ఓడిపోతున్నాను.