మెట్టు కట్టే చేతులు

1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచి హైటెక్ సిటీలో పేరంతా అద్దాల మేడలదే. నాకు మాత్రం కొండాపూర్, మియాపూర్ వైపు రోడ్డు పక్క వెల్డింగ్ షాపుల పనితనం మీద గౌరవం ఎక్కువ. ఫుడ్ ట్రక్కుకో, ఆఫీసు బస్సుకో, కారవాన్‌కో మెట్టు కావాలంటే చేసిపెట్టేది అలాంటి చేతులే.

మంచి మేస్త్రీ ముందు బండి కిందికి దూరి చూస్తాడు. మెట్టును ఛాసిస్‌కు బిగించాలి. బాడీ రేకుకు బిగిస్తే మనుషుల బరువుకు రేకు వంగి, బోల్టు రంధ్రం సాగిపోతుంది. కాలు పడేది అంచున కనుక, మెట్టు బయటికి ఎంత పొడుచుకొస్తే బిగింపు మీద అంత భారం. అందుకే మడతమెట్టుకు నేలను తాకే కాళ్లు పెడతాడు, ఎగుడుదిగుడు నేలకు తగ్గట్టు వాటిని పొడుగు పొట్టి చేసుకునే ఏర్పాటుతో సహా.

అన్నిటికంటే నాకు నచ్చేది ఎత్తుల లెక్క. జనం ఎక్కువగా తిరిగే భవనాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని జాతీయ భవన నిర్మాణ కోడ్ అంటుంది. బండికి అంత వీలుండదు. అయినా మెట్లన్నీ ఒకే ఎత్తున ఉండి తీరాలి. మొదటి మెట్టుకు అలవాటైన పాదం, రెండోది కాస్త తేడాగా ఉంటే తడబడుతుంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, ల్యాప్‌టాప్ బ్యాగు మరో చేత్తో పట్టుకుని దిగే ఆవిడకు ఆ కాస్తా చాలు పడిపోవడానికి.

వానకు జారకుండా చెకర్డ్ ప్లేటు, నీరు నిలవకుండా రంధ్రాలు, చేతికి అందేలా పైపు. అన్నీ అయ్యాక తనే ఎక్కి, అంచున నిలబడి ఊగి చూసి, అప్పుడు రెడ్ ఆక్సైడ్ డబ్బా తెరుస్తాడు.