బల్లకు ఈవల

మా బుచ్చిరెడ్డిపాలెము బజారులో, కోదండరామస్వామి గుడికి పోవు దారిలో, ఒక మందుల అంగడి కలదు. 2020 మార్చి నెలాఖరున దాని గడపకు అడ్డముగా ఒక చెక్కబల్లను వేసి, పైనుండి ప్లాస్టిక్ తెరను వ్రేలాడదీసి, ఆ తెర నడుమ చేయి పట్టునంత రంధ్రమును కోసిరి. నేటికి తెర పసుపువన్నెకు తిరిగినది, రంధ్రపుటంచులు చీలినవి, బల్లకు కొట్టిన మేకులు త్రుప్పుపట్టినవి. బల్ల మాత్రము కదలలేదు. గడచిన వారము రాత్రి యెనిమిది గంటల వేళ నేను ఆ బల్లకు ఈవల, వీధిలో, మోటారుసైకిళ్ళ నడుమ నిలిచి, వైద్యుని చీటీలోని వ్రాత తెలియక లోపలి కుర్రవాడు అడుగగా, నా దేహమున నేభాగమునకు ఏమి బాధ కలదో వెనుక నున్నవారందరు వినునట్లు గొంతెత్తి చెప్పవలసి వచ్చినది. నా తరువాత నిలిచినది పదునెనిమిదేండ్ల ఆడపిల్ల. తనకు కావలసినదేమో ఆ పిల్ల నోట వెలువడలేదు. ఇటునటు చూచి, "తర్వాత వస్తాలే అన్నా" అని వెనుదిరిగి పోయినది. ఆ పిల్ల తలవంచుకొని పోవుట చూచినప్పటినుండి ఈ నాలుగు మాటలు వ్రాయక నా మనస్సు ఊరకుండుట లేదు.

ఆ బల్లను వేసిననాడు అది ధర్మము. ఆంధ్రప్రదేశమున కరోనా తొలి కేసు నమోదైనది మా నెల్లూరులోనే. ఆ మార్చి 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు బిగించుకొని కూర్చుండగా, మూతికి గుడ్డ కట్టుకొని, ఇంటికి పోయిన పిమ్మట పసిబిడ్డలను దగ్గరకు తీయుటకును జంకుచు, దినదినము అంగడి తెరచి మాకు మందులందించినది ఈ కుర్రవాండ్రే. వీధిలో సున్నముతో గీసిన వలయములందు మేము నిలిచినది మా కొఱకు మాత్రమే కాదు, వారి కొఱకును. ఆ ఋణము నేను మరచినవాడను కాను. అయితే విపత్తు నిర్వహణ చట్టము క్రింద కేంద్రము విధించిన ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిసినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి తొలగినదని చాటినది. ఊరిలో పెండ్లిండ్లు, తిరునాళ్ళు యథావిధిగా జరుగుచున్నవి. జొన్నవాడ కామాక్షమ్మ సన్నిధిలో జనము భుజము భుజము రాచుకొని నిలుచుచున్నారు. ఇంక ఈ బల్ల ఎందులకని, నాకు మనుమని యీడువాడైన ఆ అంగడి యజమానిని నేనడిగితిని.

"అది తీస్తే అందరూ లోపలికి వచ్చేస్తారు తాతా. అప్పుడు నలుగురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరమే. బల్ల ఉంటే ఇద్దరం చాలు" అని అతడు దాపరికము లేకుండ చెప్పినాడు.

ఆ యువకుని నిజాయితీ నాకు నచ్చినది. అతడు చెప్పిన ఆ చిన్న జవాబును పెద్ద సంస్థలవారు ఇంత సూటిగ చెప్పరు గాని, వారి కథయు అదియే. ప్రాణభయముచేత ఏర్పడిన దూరము, భయము తీరిన పిమ్మట లాభముగా లెక్కకు వచ్చినది. జీతములు మిగులుటచేత నిలిచిపోయినది. ఆ మిగులునకు మూల్యము చెల్లించువాడు బల్లకు ఈవల నిలిచినవాడు.

నేను బట్టల వర్తకుని కొడుకును. చదువుకొను దినములలో సాయంకాలము లన్నియు మా నాయన అంగడిలోనే గడచినవి. నేలపై పరుపు, పరుపుమీద ప్రతి సోమవారము చాకలి యింటినుండి వచ్చిన తెల్లని దుప్పటి, గోడ పొడుగున ఒక టేకు బల్లపీట, మూల కడవలో మంచినీరు: ఇవియే ఆ అంగడికి అలంకారములు. కనిగిరి జలాశయపు ఆయకట్టులో వరి కోతలు ముగిసి, ధాన్యపు సొమ్ము చేతికి వచ్చిన ఫాల్గుణ చైత్రములలో, చుట్టుప్రక్కల పల్లెలనుండి రైతులు కుటుంబములతో బండ్లు కట్టుకొని పెండ్లి బట్టలకు వచ్చెడివారు. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠము గజముబద్ద పట్టుట కాదు, ధర చెప్పుట కాదు. "వచ్చినోళ్ళను ముందు కూర్చోబెట్టు. ఏం కావాలని తర్వాత అడుగు. నిలబడినోడు ధర చూస్తాడు, కూర్చున్నోడు గుడ్డ చూస్తాడు" అనెడివాడు. ఈ మాటలోని లోతు నాకు ముప్పది యేండ్లు దాటినగాని తెలియలేదు.

కూర్చుండబెట్టిన పిమ్మట నీళ్ళు; నీళ్ళ తరువాత ఊరి క్షేమము, చెఱువు నీటి సంగతి, పెండ్లికూతురు ఎవరి కోడలగునను విచారణ. తెలియనివారికి ఇది కాలక్షేపముగ తోచును. ఆ మాటల నడుమనే మా నాయన కన్ను వచ్చినవారి చేతులమీద, పాత చీర అంచుమీద, పెద్దామె ముఖముమీద తిరిగి, వీరు ఎంత పెట్టగలరో, ఎంత పెట్టగలమని చెప్పుకొనుటకు ఇష్టపడుదురో, ఆ రెంటి నడుమ ఎంత అంతరము కలదో గ్రహించెడిది. పిమ్మట ఆయన బీరువానుండి తీసిన తొలి చీర వారి గౌరవమునకు గాని వారి మూటకు గాని బరువు కాని చీరయై యుండెడిది. వెంకటగిరి చీరను తీసినప్పుడు దానిని తాను వర్ణించక కొనువారి చేతికిచ్చి, బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పోగు నలిపి చూడనిచ్చి, వెలుతురునకు ఎత్తి పట్టి, తిరగవేసి బుటా వెనుకవైపు చూపి, ఆపైన మౌనము వహించెడివాడు. ఆ మౌనమును నేను ఎన్నడును నేర్వలేకపోతిని. కొనకుండ లేచినవారి యెడల ఆయన ప్రవర్తన ఇంకను గొప్పది: ఇరువది చీరలు విప్పించి ఒక్కటియు తీసికొనని కుటుంబమును గడపదాక సాగనంపి, "మళ్ళీ రాండి" అని, తిరిగివచ్చి ఆ ఇరువది చీరలను ఎప్పటి మడతలమీదనే, గీత తప్పకుండ, మరల మడచెడివాడు. మడత తప్పిన చీర మరునాడు పాతచీరవలె కనబడును. ఆ విద్య వ్రేళ్ళకు పట్టుటకు నాకు రెండేండ్లు పట్టినది.

ఈ విద్యను వర్తకము అందురు. అంగడివాడు సరకును గాక, ఎదుటి మనిషిని చదువుటయే అందులో సారము. చదువవలెనన్న మనిషి ఎదుట నుండవలెను.

మొన్న సంక్రాంతికి నెల్లూరులో ఒక పెద్ద వస్త్రాలయమునకు మనుమరాలితో వెళ్ళితిని. బట్టలు తొడిగి చూచుకొను గదిని కరోనా నాడు మూసినారట. ఇప్పుడది అట్టపెట్టెలు దాచు గది. "ఇంట్లో వేసుకొని చూడండి" అనిరి. చాలకున్న మార్చుకొనవచ్చునా యనిన, గోడమీది కాగితమును చూపిరి. మార్పు లేదని అందులో వ్రాసియున్నది. సొమ్ము చెల్లింపబోగా ముందు ఫోను నంబరు చెప్పుమనిరి. నంబరు ఈయకున్న బిల్లు రాదనిరి. కొనుగోలుదారుని ఫోను నంబరుకై అంగళ్ళవారు నిర్బంధింపరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో సూచన చేసియున్నది; ఆ సంగతి చెప్పగా గల్లాపెట్టెయొద్ది అమ్మాయి నన్ను జాలిగ చూచి, "నాకు తెలీదు తాతయ్యా, సిస్టం తీసుకోదు" అన్నది. ఆ పిల్లపై నాకు కోపము లేదు. ఉదయము పదింటినుండి రాత్రి తొమ్మిదింటిదాక నిలిచియే యుండు ఆమెకును కుర్చీ లేదు.

కుర్చీల మాట వచ్చినది గనుక బ్యాంకు సంగతి చెప్పెదను. ఒక బ్యాంకు శాఖలో, ఫంకా క్రింద, ఎనిమిది కుర్చీలు ఉండెడివి. 2020లో ఒకటి విడిచి ఒకదానిపై ఎఱ్ఱని అడ్డుగీతలు అంటించిరి. పిమ్మట కుర్చీలనే తీసివేసిరి. అవి మరల రాలేదు. ఒక దినమున అచ్చటికి డెబ్బదియేండ్ల పెద్దామె వచ్చినది. చేతిలో పాస్‌బుక్కు, మీటల ఫోను. పుస్తకములో లెక్క వ్రాసి యిమ్మని అడుగగా మూలనున్న యంత్రమును చూపిరి. యంత్రము ఆమె పుస్తకమును గ్రహింపలేదు. ఖాతాకు ముడిపడిన నంబరు బెంగుళూరులో కొలువు చేయు కొడుకుది. దానిని మార్పవలెనన్నను ఆ నంబరునకే ఓటీపీ పోవును. ఆమె కొడుకునకు ఫోను చేసినది. ఆతడు మీటింగులో ఉన్నాడు. ఆమె గోడకానుకొని, మెల్లగ జారి, నేలపై కూర్చుండినది. నలువది నిమిషములు కూర్చుండినది. లోపలివారు దుర్మార్గులు కారు. ఒక్కొక్కరు ఇద్దరి పని చేయుచున్నారు. "యాప్‌లో చేసుకోండి" అను మాట వారి నోట అలసటతో వచ్చుచున్నది. కాని ఆమె తన సొమ్మెంతయో తెలిసికొనుటకు వచ్చి, తన కొడుకు తీరికకై పరాయి గోడ క్రింద వేచియుండుట నాకు సహింపరానిదిగ తోచినది.

ఫోనుపై పలుకు యంత్రములనుగూర్చి విస్తరింపను. తెలుగు కొఱకు ఒక అంకె, ఫిర్యాదు కొఱకు ఒక అంకె నొక్కి, పాట విని, తుదకు మొదటికే వచ్చిన అనుభవము లేనివారు పాఠకులలో ఉండరు.

యంత్రములపై ద్వేషముచేత నేను ఇది వ్రాయుచున్నానని తలంపవలదు. 2020 మార్చిలో దేశమంతట నెలకు సుమారు 125 కోట్లుగా నుండిన యు.పి.ఐ. చెల్లింపులు 2025 ఆగస్టున 2,000 కోట్లు దాటినవి. మా వీధికి కూరలు తెచ్చు ఆమె గంపకును క్యూఆర్ అట్టముక్క కట్టియున్నది. ఆమె నా ఫోనునుండి సొమ్ము తీసికొని, ఎప్పటివలెనే పిడికెడు కరివేపాకును, ఒక పచ్చిమిరపకాయను కొసరు వేసి, "అమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా అయ్యా" అని అడిగి పోవుచున్నది. చెల్లింపు మారినది, ఆమె మారలేదు. కావున తప్పు సాధనమునది కాదని ఆమెయే నాకు నిరూపించుచున్నది. సాధనమును చూపి మనిషిని తప్పించినవారిదే తప్పు.

ప్రభుత్వ సంస్థల మాటయు అట్లే యున్నది. రైళ్ళలో 60 ఏండ్లు నిండిన పురుషులకు 40 శాతము, 58 నిండిన స్త్రీలకు 50 శాతము ఛార్జీలో రాయితీ ఉండెడిది. వృద్ధులు అనవసర ప్రయాణములు మానవలెనను తలంపుతో 2020 మార్చి 20న దానిని నిలిపిరి. నాడది వృద్ధుల ప్రాణరక్షణ. ఏండ్లు గడచి, పెట్టెలన్నియు నిండి, నిలుచుటకు చోటు లేకున్నను ఆ రాయితీ తిరిగిరాలేదు. ప్రతి ప్రయాణికుని ఛార్జీలోను ఇదివరకే రాయితీ ఇమిడియున్నదని మంత్రిత్వ శాఖ పార్లమెంటులో సమాధానము చెప్పుచున్నది. అది నిజమే కావచ్చును. అయినను నిలిపిననాడు చెప్పిన కారణము అది కాదు గదా! పోయినవి మరల రావని నిరాశపడుటకును వీలులేదు: ఎ.సి. పెట్టెలలోని దుప్పట్లు, తెరలు 2022 మార్చిలో తిరిగివచ్చినవి. పాసింజరు బండ్లలో 10 రూపాయల నుండి 30కి పెరిగిన కనీసపు ఛార్జీ 2024 ఫిబ్రవరిలో మరల పదికి దిగినది.

వినియోగదారుల రక్షణకై 2019లో చేసిన కొత్త చట్టము అమలునకు వచ్చినది ఆ కరోనా నడుమనే, 2020 జులై 20న. ఫిర్యాదు చెప్పుకొనుటకు 1915 అను నంబరు కలదు. పెద్ద సంస్థలతో వ్యవహారము తగవులో పడినప్పుడు దానిని వాడుకొనుడు. మన ఊరి అంగడివానితో మాత్రము నంబరు అక్కరలేదు. అతని పేరు మనకు తెలియును, మన పేరు అతనికి తెలియును, ఎదుట నిలిచి అడుగవచ్చును.

నేనడిగితిని. ఇద్దరితో అంగడి నడుపుట కష్టమని అతడు చెప్పినది కాదనను. బల్లను పూర్తిగ తీయకున్నను ఒక ప్రక్కకు జరిపి, గొంతు తగ్గించి చెప్పుకొనవలసినవారు ఒక్కరొక్కరుగ లోపలికి వచ్చునట్లును, కాళ్ళు పీకువారు కూర్చుండునట్లును చేయుమని కోరితిని. కూర్చుండుటకు ఏమియు లేదన్నాడు. మా నాయన అంగడి మూతపడిననాడు ఇంటికి తెచ్చిన టేకు బల్లపీట మా వసారాలో ఉన్నది. నలుగురు కూర్చుండవచ్చును, కాళ్ళు గట్టిగ నున్నవి. ఎప్పుడు మనిషిని పంపినను ఇచ్చెదను.