ఆకులు రాలాక ఎఫ్టెలింగ్

థీమ్ పార్కులో పనితనం చూడాలంటే అన్‌సీజన్‌లోనే వెళ్లాలి. సెలవుల్లో వెళ్తే కనిపించేవి ముందు నిలబడ్డవాళ్ల వీపులు, వినిపించేవి పిల్లల మారాములు. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ ఏటా యాభై లక్షల మందికి పైగా వచ్చే పార్కు. క్రిస్మస్ సెలవులు అయిపోయి పిల్లలంతా బళ్లలో కూర్చున్నాక, జనవరి చివర ఏ బుధవారం పొద్దున్నో దాని గేటు దాటి చూడండి. చెట్లకు ఒక్క ఆకు ఉండదు. దారుల్లో అక్కడక్కడా ఇనుప బుట్టల్లో కట్టెలు మండుతుంటాయి. ఆకుల చాటు, జనం చాటు లేకుండా ఏడు దశాబ్దాల చేతిపని మొత్తం ఎదురుగా నిలబడుతుంది.

నార్త్ బ్రబంట్ రాష్ట్రంలో కాట్స్‌హ్యూవెల్ అనే చిన్న ఊరి పక్కనుంది ఈ పార్కు. ఒకప్పుడు బూట్లు, చెప్పులు కుట్టడానికి పేరుపడ్డ ప్రాంతం అది. ఐండ్‌హోవెన్ చుట్టుపక్కల చిప్పుల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకు కారులో ఒక గంట లోపు దారి. 1935లో ఇక్కడ ఉన్నది క్రైస్తవ గురువుల చొరవతో వెలసిన ఆటస్థలం, నడకదారులు, అంతే. 1950లో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. 1952 మే 31న పది కథలతో 'అద్భుత కథల అడవి' తెరుచుకుంది. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరవడానికి ఇంకా మూడేళ్లుంది. పార్కు యజమాని ఈనాటికీ ఆ ఫౌండేషనే. లాభాల కోసం ఎదురుచూసే వాటాదార్లు లేకపోవడం వల్లే ఇక్కడ కొన్ని పనులు ఇంత ఓపిగ్గా జరిగాయని నా అనుమానం.

ఆ అడవికి రూపమిచ్చినవాడు ఆంటన్ పీక్ (1895–1987). పుస్తకాలకు, క్యాలెండర్లకు పాతకాలపు డచ్చి వీధుల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు, బడిలో డ్రాయింగు మాస్టారు. ఊరి మేయరు వాన్ డెర్ హైడెన్, ఆయన బావమరిది వరసైన పీటర్ రైండర్స్ కలిసి పీక్‌ను ఒప్పించారు. రైండర్స్ సినిమాలు తీసేవాడు, యంత్రాలంటే పిచ్చి ఉన్నవాడు. పీక్ మొదట ఒప్పుకోలేదనీ, తర్వాత ఒక షరతు మీద సరేనన్నాడనీ చెబుతారు. అట్ట, ప్లైవుడ్ పనికిరావు. ఇటుక అంటే ఇటుకే కావాలి, పెంకు అంటే పెంకే కావాలి.

ఆ షరతు విలువ చలికాలంలోనే తెలుస్తుంది. మన సినిమా సెట్టింగు ముందు నుంచి రాజమహలు, వెనక్కి వెళ్తే వెదురు గడలు, మేకులు. ఎఫ్టెలింగ్‌లో ఇళ్ల వెనక్కి వెళ్లి చూసినా ఇల్లే ఉంటుంది. వేసవిలో తీగలు, కొమ్మలు కప్పేసే వెనక గోడలు కూడా జనవరిలో బయటపడతాయి. అక్కడా అదే ఇటుక, అదే సున్నం. కప్పు మీద పాచి పట్టింది, దాన్ని గీకి తీసేయలేదు. ప్లాస్టిక్కు మీద పాచి మురికిలా కనిపిస్తుంది, పెంకు మీద మాత్రం వయసులా కనిపిస్తుంది. ముసలితనం వచ్చినప్పుడు అందంగా ఉండేటట్టు ముందే ఆలోచించి కట్టిన ఇళ్లివి.

ఇంకో సంగతి, వీటిలో ఒక్కటీ నిటారుగా ఉండదు. పొగగొట్టం పక్కకి వాలి ఉంటుంది, కప్పు నడుము దగ్గర కుంగి ఉంటుంది, కిటికీ చట్రం ఓ మూల పైకి లేచి ఉంటుంది. పీక్ బొమ్మల్లో గీతే అలా వంకరగా నడుస్తుంది. కాగితం మీద వంకర గీత గీయడం తేలిక. దాన్ని ఇటుకలతో కట్టడం వేరే విద్య. రసమట్టం, తూకం గుండు పట్టి నిక్కచ్చిగా గోడ లేపడంలోనే మేస్త్రీ జీవితమంతా గడుస్తుంది. అలాంటివాడికి 'ఇక్కడ కాస్త కుంగినట్టుండాలి, కానీ కుంగకూడదు' అని చెప్పి పని చేయించాలి. కప్పు వంగినచోట పెంకుల వరసలు ఎలా సర్దుకున్నాయో ఒక్కో చూరు కింద నిలబడి చూడండి. వరసలో ప్రతి పెంకూ పక్కదానికంటే ఒక్క రవ్వ పక్కకి తిరిగి ఉంటుంది. డచ్చి చలికాలపు ముసురు దాని మీద పడి, ఎక్కడా లోపలికి దిగకుండా చూరు నుంచి సన్నగా కారిపోతుంది. ఆ పార్కులో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రదర్శన అదే. దానికి టికెట్టు లేదు, క్యూ లేదు.

బొమ్మల కదలికకు వస్తే, రైండర్స్ దగ్గర మొదలైన సంప్రదాయం ఒకటుంది. తక్కువ కదిలించు, నమ్మేలా కదిలించు. నిద్రపోతున్న రాకుమారి కోటలో ఆమె ఎద నెమ్మదిగా లేస్తుంది, దిగుతుంది. అంతే, ఇంకేమీ లేదు. కానీ ఆ ఊపిరి వేగం సరిగ్గా గాఢనిద్రలో ఉన్న మనిషిదే. అది కాస్త వేగమైతే రొప్పినట్టుంటుంది, కాస్త మందమైతే యంత్రం బయటపడుతుంది. లాంగ్‌నెక్ అని మరో బొమ్మ ఉంది. ఆరుగురు సేవకుల కథలో మెడ చాచి లోకమంతా చూసేవాడు. కూర్చున్నవాడి మెడ చెట్ల ఎత్తుకు లేచి, అక్కడ ఆగి, ఇటూ అటూ చూసి, మళ్లీ దిగుతుంది. అసలు కిటుకు పైన ఆగిన ఆ క్షణంలో ఉంది. వాడు నిజంగా ఎవరినో వెతుకుతున్నాడనిపిస్తుంది. చుట్టూ ఎవరూ లేనప్పుడు మోటారు మూలుగు కూడా చెవిన పడుతుంది. దానివల్ల భ్రమ చెడదు, చేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. 1953 నాటి ఎర్ర బూట్లయితే మనిషి లేకుండానే రాతి నేల మీద నాట్యం చేస్తాయి. పైన తీగ కనిపించదు, కింద చక్రం కనిపించదు.

మనకు ప్రత్యేకంగా నవ్వు తెప్పించేవి రెండున్నాయి. 1958 నాటి ఫకీరు తలపాగా చుట్టుకుని బురుజులో కూర్చుని వేణువు ఊదుతాడు. పాము లేస్తుందని మనం ఎదురుచూస్తే తులిప్ పూలు లేస్తాయి. తర్వాత చాప మీద గాలిలో ఎగిరి ఎదుటి బురుజుకు వెళ్లి అక్కడా ఊదుతాడు. తులిప్ పువ్వు హాలండుకు వచ్చింది టర్కీ నేలల నుంచే కాబట్టి ఆ కల్పన వట్టి గాలిమాటేమీ కాదు. రెండోది 'భారతీయ కలువలు'. 1966లో ఒక గుహలో అమర్చారు. కథ రాసింది స్పెయిన్ ఆడపడుచు ఫాబియోలా. ఆమె తర్వాత బెల్జియం రాణి అయింది. లోపల కప్పలు, బాతులు వాయించే బాణీ బెర్ట్ కెంప్‌ఫెర్ట్ అనే జర్మన్‌ది, మంత్రగత్తె గొంతు యిమా సుమాక్ అనే పెరూ గాయనిది. భారతదేశం పేరులో తప్ప ఎక్కడా లేదు. అయినా చీకట్లో కలువలు విచ్చుకుని వాటి నుంచి కన్యలు నాట్యానికి లేచే వరుస, దాని మీద వెలుగు మారే తీరు చూస్తే తగాదా పెట్టుకోబుద్ధి కాదు.

అన్ని ఊహలూ ఇంత అమాయకమైనవి కావని కూడా చెప్పాలి. ఆఫ్రికావాళ్లను నరమాంసభక్షకులుగా చూపించే 'మొస్యూ కానిబాల్' అనే తిరిగే గిన్నెల ఆట ఇక్కడ 1988 నుంచి నడిచింది. 2021లో దాన్ని సింద్‌బాద్ కథతో 'సిరోకో'గా మార్చారు. ఆలస్యమైనా మంచి పని.

చెత్తబుట్టను కూడా వదల్లేదు వీళ్లు. హోలె బోలె హైస్ అనే బొజ్జ మనిషి 1959 నుంచి నోరు తెరుచుకుని 'కాగితం ఇటు' అని అరుస్తుంటాడు. కాగితం దగ్గర పెడితే నోటితో లాగేసుకుని థాంక్స్ చెబుతాడు. పిల్లలు తమ దగ్గర కాగితాలు అయిపోతే పక్కవాళ్ల చెత్త ఏరుకొచ్చి మరీ తినిపిస్తారు. పార్కు ఊడ్చే పనిలో సగం అలా అయిపోతుంది. జనవరిలో ఆయన ఖాళీ దారికేసి అరుస్తుంటే జాలేసి జేబులో బస్సు టికెట్టు కూడా ఇచ్చేయాలనిపిస్తుంది.

పీక్ తర్వాత పగ్గాలు పట్టినవాడు టోన్ వాన్ డె వెన్ (1944–2015). పీక్ గీత పుస్తకంలోది, ఈయన ఊహ రంగస్థలానిది. ఇల్లు వంకరగా కట్టడంతో ఆగక మనిషి బుర్రనే వంకర తిప్పడం ఈయన కోరిక. అందుకు సాక్ష్యం 1996లో తెరిచిన విల్లా వోల్టా. గుళ్లూ మఠాలూ దోచిన దొంగల నాయకుడు హ్యూగో శాపగ్రస్తమైన ఇల్లది. లోపలికెళ్లి బల్లల మీద ఎదురెదురుగా కూర్చుంటాం. ఇల్లు కదులుతుంది, ఊగుతుంది, చివరికి మనం తలకిందులైపోతాం. అంటే, తలకిందులయ్యామనుకుంటాం. నిజానికి బల్లలున్న వేదిక ఉయ్యాలలా కొద్దిగా అటూ ఇటూ వంగుతుంది, అంతే. గోడలు, కప్పు, సామాను అన్నీ కలిపి ఒక పీపాలా బిగించిన గది మన చుట్టూ పూర్తిగా తిరుగుతుంది. కంటికి ఆనుకోవడానికి కదలని వస్తువు ఒక్కటీ లేకపోవడంతో, గది తిరుగుతుంటే మనమే తిరుగుతున్నామని బుర్ర తీర్పు చెప్పేస్తుంది.

ఈ కిటుకు 1890లలోనే అమెరికా ప్రదర్శనశాలల్లో ఉంది. దాన్ని ఈ కాలపు యంత్రంగా, ఇంత పెద్దగా తయారు చేసిచ్చింది వెకోమా అనే డచ్చి కంపెనీ. దాని చుట్టూ ఇల్లు కట్టింది ఎఫ్టెలింగ్. ముందు రెండు గదుల్లో హ్యూగో కథ చెప్పి, బరువైన చెక్క పని, రాతి పని చూపించి, ఈ ఇల్లు కదిలే రకం కాదని మనల్ని నమ్మించిన తర్వాతే అసలు గదిలోకి పంపుతారు. ఆ నమ్మకం కుదరకపోతే పీపా తిరిగినా లాభం లేదు. అన్‌సీజన్ మేలు ఇక్కడ మరీ ఎక్కువ. క్యూ ఉండదు కాబట్టి వెంటనే మరోసారి వెళ్లొచ్చు. మొదటిసారి మోసపోండి. రెండోసారి మీ పాదాల బరువు ఎటు పడుతోందో గమనిస్తూ కూర్చోండి. నిజం పాదాలకు తెలుస్తూనే ఉంటుంది, కళ్లు మాత్రం ఒప్పుకోవు.

వాన్ డె వెన్‌దే 1993 నాటి డ్రోమ్‌వ్లుఖ్ట్, కలల విహారం. పైన పట్టాకు వేలాడే చిన్న బండ్లు చీకట్లో కోటలు, దేవకన్యలు, మరుగుజ్జుల అడవుల మీదుగా ఆరు నిమిషాలపాటు తీసుకెళ్తాయి. పట్టా నెత్తిమీద ఉండటం వల్ల కాళ్ల కింద నేల ఉండదు. దృశ్యం ఒకసారి కింద, ఒకసారి పక్కన, ఒకసారి కళ్లకు ఎదురుగా వస్తుంది. చివర సుడి తిరుగుతూ కిందికి దిగుతుంది. రూడ్ బోస్ సంగీతం అన్ని దృశ్యాలనూ ఒకే దారాన కడుతుంది. సెలవుల్లో దీని ముందు క్యూ చాంతాడంత. చలికాలపు వారం మధ్యలో నడుచుకుంటూ వెళ్లి ఎక్కేయడమే.

రోలర్ కోస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. అవి బాగానే ఉన్నాయి. 2015 నాటి 'బారన్ 1898' గని కథ చెప్పి 37.5 మీటర్ల కిందికి నిట్టనిలువుగా వదిలేస్తుంది. 2010 నాటి యోరిస్, డ్రాగన్ జంట కోస్టరు చెక్కతో కట్టింది. చలిలో దాని చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పోటీ వల్ల ఇలాంటివి కట్టక తప్పదు, చాలా పార్కుల్లో ఉంటాయి కూడా. 2017లో 3.5 కోట్ల యూరోలు పెట్టి కట్టిన సింబోలికా మాత్రం వేరు. పట్టాలు లేకుండా బండ్లు రాజమహల్లో గదుల మధ్య తిరుగుతాయి. పనితనం కళ్లు చెదిరేలా ఉంది. కానీ అక్కడి గోడలన్నీ కొత్తగా తళతళలాడుతున్నాయి. నా ఓటు పాచి పట్టిన పెంకులకే. అలాగే 1895 నాటి ఆవిరి రంగులరాట్నానికి కూడా. పీక్ పుట్టిన ఏడే పుట్టిన ఆ రాట్నం 1956 నుంచి ఇక్కడ తిరుగుతోంది.

ఒకప్పుడు చలికాలమంతా ఈ పార్కు మూసేసేవాళ్లు. 1999లో చలికాలపు సీజను మొదలైంది, 2010 నుంచి ఏడాది పొడవునా తెరిచే ఉంటోంది. దానికో మూల్యం ఉంది. మరమ్మతులన్నీ ఈ నెలల్లోనే పెట్టుకుంటారు. నీళ్ల రైడ్ల వంటివి కొన్ని మూసి ఉంటాయి, గడ్డకట్టే చలి ఉంటే కోస్టర్లూ ఆగుతాయి. పిల్లలకు ఫలానా రైడు అని ముందే మాటిచ్చేయకండి. వెళ్లేముందు పార్కువాళ్లు ప్రకటించే మరమ్మతుల పట్టిక చూసుకోండి.

వెళ్లాలనుకుంటే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి సెలవుల ముందు వరకు, మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. టిల్‌బర్గ్‌కో డెన్ బాష్‌కో రైల్లో వెళ్తే అక్కడి నుంచి బస్సు దొరుకుతుంది. పొద్దున విల్లా వోల్టా, డ్రోమ్‌వ్లుఖ్ట్ పూర్తిచేసుకుని, మధ్యాహ్నం మూడింటికల్లా కథల అడవిలోకి రండి. వెలుతురు ఉండగా ఇళ్ల వెనక గోడలు చూసుకోవచ్చు, దీపాలు పెట్టాక బొమ్మలు చూసుకోవచ్చు. చేతికి తొడుగులు, కాళ్లకు మందపాటి మేజోళ్లు తప్పనిసరి. అక్కడ నిలబడి చూడటమే ఎక్కువ, నడక తక్కువ.